పాత కారు ఇంజిన్: సాధారణ లోపాలు, నిర్వహణ

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ఇంజిన్‌లో వేడి ఎక్కడికి పోతుంది?
7.3 శీతలీకరణ వ్యవస్థ - లోపాలు
7.4 ఇంజిన్ ఆయిల్
7.5 గాలి, ఇంధనం, నిప్పురవ్వ
7.6 పొగ రంగును బట్టి లోపాన్ని గుర్తించడం
7.7 పాత కారు కొనేముందు చేయవలసిన పరీక్ష
7.8 నిర్వహణ ప్రణాళిక
7.9 సారాంశం
7.10 ముఖ్య పదాలు
7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి - జవాబులు
7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
- పాత కారు ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుందో వివరించగలుగుతారు.
- రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడంవల్ల కలిగే నష్టాన్ని కారణంతో సహా చెప్పగలుగుతారు.
- ఆయిల్ రంగు, పొగ రంగు, శబ్దం వంటి గుర్తులను బట్టి లోపం ఎక్కడుందో అంచనా వేయగలుగుతారు.
- పాత కారు కొనేముందు ఇంజిన్‌ను ఒక క్రమంలో పరీక్షించగలుగుతారు.
- మీ కారుకు తగిన నిర్వహణ పట్టికను మీరే తయారుచేసుకోగలుగుతారు.

7.1 పరిచయం

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వంటి పట్టణాల్లో, వాటి చుట్టుపక్కల పల్లెల్లో చాలా కుటుంబాలకు మొదటి కారు పాత కారే. ఒకరు పదేళ్లు వాడి అమ్మిన బండిని మరొకరు కొంటారు. వ్యవసాయం చేసేవారికి అది పొలానికి, మార్కెట్టుకు, ఆసుపత్రికి పనికివస్తుంది. నిరుద్యోగ యువకులు కొందరు దాన్నే జీవనోపాధిగా చేసుకుంటారు. పాత కారు కొనడం తప్పు కాదు. దాని ఇంజిన్ ఏ స్థితిలో ఉందో తెలుసుకోకుండా కొనడం, కొన్న తరవాత పట్టించుకోకపోవడం నష్టానికి దారితీస్తాయి.

మన రోడ్ల మీద ఇప్పటికీ కనిపించే పాత కార్లలో మారుతి 800 ఒకటి. 1983 డిసెంబరులో మొదలైన ఈ కారు ఉత్పత్తి 2014 జనవరిలో ఆగిపోయింది. దానిది మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజిన్. మొదటి తరం బండ్లలో కార్బురేటర్ ఉండేది, తరవాతి వాటిలో ఇంధనాన్ని ఇంజెక్టర్లు చిమ్మే పద్ధతి వచ్చింది. అంబాసిడర్ ఉత్పత్తి కూడా 2014లోనే ఆగింది. కంపెనీ తయారీ ఆపినా బండ్లు తిరగడం ఆగదు. వాటిని నడిపించేది యజమాని శ్రద్ధ, ఊళ్లోని మెకానిక్ నైపుణ్యం.

కడప జిల్లాలో పాత ఇంజిన్‌కు మూడు ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. ఒకటి ఎండ: ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. రెండు నీరు: జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతమంతా సున్నపురాయి నేల. నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ ఉండటానికి కారణం అదే. ఆ రాళ్ల మధ్య నుంచి వచ్చే బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. మూడు దుమ్ము: గనుల దారులు, మట్టి బాటలు, వేసవి గాలులు. ఈ మూడింటిని దృష్టిలో పెట్టుకొని ఈ పాఠాన్ని చదవండి.

7.2 ఇంజిన్‌లో వేడి ఎక్కడికి పోతుంది?

సిలిండర్‌లో ఇంధనం, గాలి కలిసి మండినప్పుడు పుట్టే శక్తి అంతా చక్రాలను తిప్పదు. పెట్రోల్ ఇంజిన్‌లో స్థూలంగా మూడో వంతు లేదా అంతకంటే తక్కువ మాత్రమే పనిగా మారుతుంది. మరో మూడో వంతు పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. మిగిలిన వేడిని ఇంజిన్ లోహం పీల్చుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే అల్యూమినియం హెడ్డు వంగుతుంది, పిస్టన్లు వ్యాకోచించి బోరులో పట్టేస్తాయి. దీన్నే మన మెకానిక్కులు 'ఇంజిన్ సీజ్ అయింది' అంటారు.

ఈ వేడిని తీసుకుపోయే పని శీతలీకరణ వ్యవస్థది. వాటర్ పంపు కూలెంట్‌ను ఇంజిన్ చుట్టూ తిప్పుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ అనే చిన్న కవాటం మూసుకొని ఉంటుంది. చాలా కార్లలో కూలెంట్ 80 నుంచి 90 డిగ్రీల మధ్యకు చేరినప్పుడు అది తెరుచుకొని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదులుతుంది. రేడియేటర్‌లోని సన్నని గొట్టాల గుండా పారేటప్పుడు ఆ వేడి బయటి గాలికి చేరుతుంది. బండి నిలిచి ఉన్నప్పుడు, నిదానంగా పోతున్నప్పుడు ఫ్యాను గాలిని లాగుతుంది.

ఇక్కడ రేడియేటర్ మూత పాత్రను ప్రత్యేకంగా గమనించాలి. మామూలుగా నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత లోపల ఉన్న స్ప్రింగు, దాదాపు 0.9 కిలోల పీడనం వచ్చేవరకు నీటిని బంధించి ఉంచుతుంది. ఆ పీడనంలో నీరు సుమారు 118 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు వాషరు గట్టిపడి పీడనం నిలవకపోతే, మిగతా భాగాలన్నీ బాగున్నా బండి 'బాయిల్' అవుతుంది. తక్కువ ధరకు దొరికే ఈ మూతను మార్చకపోవడంవల్ల ఇంజిన్‌నే విప్పవలసి రావచ్చు.

హెచ్చరిక: వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. మూత తీసిన క్షణంలో పీడనం పడిపోతుంది. 100 డిగ్రీలకు మించి వేడిగా ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, పై గొట్టాన్ని చేత్తో తాకగలిగినప్పుడే, మందపాటి గుడ్డ వేసి నిదానంగా తిప్పండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
అ) థర్మోస్టాట్ చేసే పని ఏమిటి?
ఆ) రేడియేటర్ మూత పాడైతే ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుంది?

7.3 శీతలీకరణ వ్యవస్థ - లోపాలు

ఒక సందర్భాన్ని ఊహించండి. మే నెల, మిట్ట మధ్యాహ్నం. ఒక కుటుంబం పాత పెట్రోల్ కారులో జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు పెండ్లికి బయలుదేరింది. అయిదుగురు మనుషులు, సామాను, ఏసీ వేసి ఉంది. ముద్దనూరు దాటిన తరవాత ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు జరిగింది. 'ముందు ఊళ్లో ఆపుదాంలే' అని నడిపే అతను అనుకున్నాడు. కొంతదూరం పోయాక ముల్లు దానంతట అదే కిందికి దిగింది. తగ్గిందని అందరూ సంతోషించారు. మరికొన్ని కిలోమీటర్లకు ఇంజిన్ బరువెక్కి, టకటక శబ్దం చేసి ఆగిపోయింది. దగ్గరున్న తోటలో నుంచి చల్లని బోరు నీళ్లు తెచ్చి ఇంజిన్ మీద, రేడియేటర్‌లో పోశారు. షెడ్డుకు చేర్చి విప్పి చూస్తే హెడ్డు వంగి ఉంది, గ్యాస్కెట్ కాలి ఉంది, బోరులో గీతలు పడి ఉన్నాయి. బాగుచేయించడానికి కారు కొన్న ధరలో పెద్ద భాగమే అయ్యేటట్టు ఉంది.

ఇందులో నాలుగు తప్పులున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

7.3.1 బోరు నీళ్లు వాడటం

ఆ కారులో ఏళ్ల తరబడి కూలెంట్ బదులు బోరు నీళ్లే పోస్తూ వచ్చారు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం మీరు ఇంట్లో చూసే ఉంటారు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్, వేడి తగిలినప్పుడు కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. అదే ఆ పెచ్చు. నాపరాయిలో ఉండే పదార్థం కూడా ప్రధానంగా అదే. అంటే రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే, దాని సన్నని గొట్టాల లోపల మనమే కొద్దికొద్దిగా రాయిని పేరుస్తున్నట్టు లెక్క. ఈ పొర రెండు విధాల హాని చేస్తుంది. గొట్టం సన్నబడి నీటి ప్రవాహం తగ్గుతుంది. పైగా ఆ పొర వేడిని లోహమంత బాగా పోనివ్వదు. చలికాలంలో ఈ లోపం బయటపడదు. మే నెలలో, బరువుతో, ఏసీతో నడిపినప్పుడు బయటపడుతుంది.

కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు నిరోధకాలు కలిసిన ద్రవం. చలి దేశాల్లో అది గడ్డకట్టకుండా కాపాడుతుంది. మన దగ్గర దాని ఉపయోగం వేరు: మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, లోపలి అల్యూమినియాన్ని, ఇనుమును తుప్పు నుంచి రక్షిస్తుంది, వాటర్ పంపు సీలును కాపాడుతుంది. కలిపి అమ్మే కూలెంట్‌ను నేరుగా పోయవచ్చు. గాఢమైనదైతే డబ్బా మీద రాసిన నిష్పత్తిలో డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీ నీళ్లు కలపాలి. దారిలో తప్పనిసరై మామూలు నీళ్లు పోస్తే, ఊరు చేరాక వాటిని తీసేసి తిరిగి కూలెంట్ నింపించండి. రెండు రకాల కూలెంట్లను కలపవద్దు. సున్నం పోగొట్టడానికి ఇంట్లో ఉండే యాసిడ్ పోయడం ప్రమాదం. అది పెచ్చుతో పాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది. రేడియేటర్ పని చేసే షెడ్డులో విప్పించి శుభ్రం చేయించాలి.

7.3.2 ముల్లు పెరిగినా ఆపకపోవడం

ముల్లు మామూలు స్థానం దాటితే ముందుగా ఏసీ ఆపండి. బండిలో హీటర్ ఉంటే పూర్తిగా వేయండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కనుక ఇంజిన్ వేడిని కొంత లాగుతుంది. ఉక్కగా ఉన్నా కిటికీలు తెరుచుకొని భరించాలి. అయినా ముల్లు దిగకపోతే నీడ చూసుకొని ఆపి, ఇంజిన్ కట్టేయండి. కడప నుంచి రాయచోటికి పోయే దారిలోని గువ్వలచెరువు ఘాటు వంటి ఎత్తైన చోట్ల, పెద్ద గేరులో ఇంజిన్‌ను ఈడ్చవద్దు. చిన్న గేరులో, తగిన వేగంతో ఎక్కించండి. వాటర్ పంపు ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ వేగం మరీ తగ్గితే కూలెంట్ ప్రవాహమూ తగ్గుతుంది.

7.3.3 ముల్లు దిగితే మేలనుకోవడం

ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటుంది. కూలెంట్ అంతా కారిపోతే సెన్సార్ చుట్టూ ఆవిరి, గాలి మాత్రమే మిగులుతాయి. అప్పుడు అది తక్కువ ఉష్ణోగ్రతను చూపవచ్చు. ఎర్ర గీత దాకా పోయిన ముల్లు కారణం లేకుండా హఠాత్తుగా దిగితే ఇంజిన్ చల్లబడిందని అనుకోకండి, కూలెంట్ అయిపోయిందేమోనని అనుమానించి వెంటనే ఆపండి.

7.3.4 వేడి ఇంజిన్ మీద చల్లని నీళ్లు పోయడం

వేడి గాజు గ్లాసులో చల్లని నీళ్లు పోస్తే పగిలినట్టే, వేడెక్కిన హెడ్డు ఒక్కసారిగా చల్లబడితే పగుళ్లు రావచ్చు. దానంతట అది ఆరేవరకు ఆగడమే మార్గం.

7.3.5 థర్మోస్టాట్ తీసేయడం

'థర్మోస్టాట్ తీసేస్తే బండి హీటెక్కదు' అనే మాట మీరు చాలాచోట్ల వింటారు. ఇది సరికాదు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ పని చేయవలసిన వేడికి ఆలస్యంగా చేరుతుంది. ఆలోపు పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, బోరు ఎక్కువ అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో అయితే థర్మోస్టాట్ తీసేసినప్పుడు కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వస్తుంది. అలాంటి వాటిలో వేడి ఇంకా పెరుగుతుంది. పాడైన థర్మోస్టాట్‌ను తీసి కొత్తది వేయించాలి. ఖాళీగా వదలకూడదు.

7.3.6 హెడ్ గ్యాస్కెట్ పోయిందని ఎలా తెలుస్తుంది?

హెడ్డుకు, బ్లాకుకు మధ్య ఉండే పలుచని పొర హెడ్ గ్యాస్కెట్. అది కాలితే దహన వాయువులు కూలెంట్‌లోకి, కూలెంట్ ఆయిల్‌లోకి లేదా సిలిండర్‌లోకి చేరతాయి. గుర్తులు ఇవి: బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం, చల్లని ఇంజిన్‌ను మూత తీసి స్టార్టు చేసిన వెంటనే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావడం, స్టార్టు చేసిన కొద్దిసేపట్లోనే పై గొట్టం రాయిలా గట్టిపడటం, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారడం, ఇంజిన్ వేడెక్కిన తరవాత కూడా ఆగని తెల్ల పొగ. వీటిలో రెండు కలిసి కనిపిస్తే బండిని నడపకుండా షెడ్డుకు చేర్చండి. గ్యాస్కెట్ మార్చేటప్పుడు హెడ్డు సమతలంగా ఉందో లేదో లేతు షెడ్డులో తప్పక చూపించండి. వంగిన హెడ్డు మీద కొత్త గ్యాస్కెట్ వేస్తే ఎక్కువ రోజులు నిలవదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
అ) బోరు నీటివల్ల రేడియేటర్‌లో పేరుకొనే పదార్థం ఏది?
ఆ) ఎర్ర గీత దాకా పోయిన ముల్లు హఠాత్తుగా దిగితే మీరు ఏం చేస్తారు?

7.4 ఇంజిన్ ఆయిల్

ఇంజిన్ ఆయిల్ నాలుగు పనులు చేస్తుంది: ఒరిపిడి తగ్గిస్తుంది, కొంత వేడిని మోస్తుంది, పిస్టన్ రింగులకు బోరుకు మధ్య సందును మూస్తుంది, మసిని తనలో కలుపుకొని లోపలి భాగాలను శుభ్రంగా ఉంచుతుంది. కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడటం చూసి కంగారు పడనక్కరలేదు. ముఖ్యంగా డీజిల్ ఇంజిన్లలో అది సహజం.

ఆయిల్ మట్టం చూడటానికి బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజిన్ కట్టేసి అయిదు, పది నిమిషాలు ఆగండి. డిప్ స్టిక్‌ను తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. కింది గుర్తు కంటే తగ్గితే ప్రమాదం. పై గుర్తు మించినా మంచిది కాదు. క్రాంకు షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, సీళ్ల నుంచి కారుతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్నది బండి పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే, దుమ్ము దారుల్లో తిరిగే పాత బండికి మామూలు మినరల్ ఆయిల్ వాడుతుంటే 5,000 కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు, ఏది ముందైతే అప్పుడు మార్చడం క్షేమం. ప్రతిసారీ ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాలి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో, వంకలో, పొలం గట్టున పోయవద్దు. అది నీటిని, నేలను పాడుచేస్తుంది. పాత ఆయిల్ సేకరించేవారికి ఇచ్చే షెడ్డులోనే అప్పగించండి.

కొన్ని బండ్లు 'ఆయిల్ తింటాయి'. దీనికి మూడు దారులున్నాయి. బయటికి కారడం: ట్యాపెట్ కవరు గ్యాస్కెట్, సంపు, క్రాంకు సీలు వద్ద తడి కనిపిస్తుంది. వాల్వు సీళ్లు గట్టిపడటం: రాత్రంతా ఆపి ఉదయం స్టార్టు చేసినప్పుడు ఒక్కసారి నీలి పొగ వచ్చి ఆగిపోతుంది. రింగులు, బోరు అరగడం: నడుస్తున్నంతసేపు, ముఖ్యంగా ఎక్సలరేటర్ తొక్కినప్పుడు నీలి పొగ వస్తుంది. మొదటి రెండూ చిన్న పనులు. మూడోది పెద్ద పని. దాన్నే 'ఇంజిన్ బోరుకు వచ్చింది' అంటారు. ఏ పని చేయించాలో నిర్ణయించే ముందు కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఒక సిలిండర్‌లో పీడనం తక్కువగా ఉంటే, ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఇప్పుడు పీడనం పెరిగితే అరిగినవి రింగులు; పెరగకపోతే లోపం వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఇంజిన్ విప్పడానికి ఒప్పుకోవద్దు.

నడుస్తుండగా ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే అది 'తరవాత చూద్దాం' అనే దీపం కాదు. ఆయిల్ పీడనం లేకుండా ఇంజిన్ నిమిషాల్లోనే బేరింగులు పోగొట్టుకుంటుంది. పక్కకు తీసి వెంటనే కట్టేయండి.

7.5 గాలి, ఇంధనం, నిప్పురవ్వ

పెట్రోల్ సరిగా మండాలంటే బరువులో ఒక పాలు పెట్రోల్‌కు దాదాపు 14.7 పాళ్లు గాలి కావాలి. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోల్ మండటానికి సుమారు 9,000 లీటర్ల గాలి ఇంజిన్‌లోకి పోతుంది. ఆ గాలిలోని దుమ్మునంతా ఆపవలసింది ఒక్క ఎయిర్ ఫిల్టరే. నాపరాయి దుమ్ము కొంత మెత్తనిదే. మట్టి బాటల ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మాత్రం చాలా గట్టిది. లోపలికి చేరితే ఉప్పుకాగితంలా బోరును రుద్దుతుంది. కాగితపు ఫిల్టర్‌ను నీళ్లతో కడగవద్దు. లోపలి వైపు నుంచి బయటికి తక్కువ పీడనంతో గాలి కొట్టవచ్చు. నల్లబడితే, చిరిగితే మార్చాలి. ఫిల్టర్ మూత క్లిప్పులు ఊడిపోయి తీగతో కట్టిన బండ్లు కనిపిస్తుంటాయి. ఆ సందు ఒక్కటి చాలు, ఫిల్టర్ ఉన్నా లేనట్టే.

ఇంధనం విషయంలో ఒక మార్పును గమనించాలి. 2023 నుంచి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ అమ్మకం మొదలై క్రమంగా విస్తరించింది. అంతకుముందు తయారైన చాలా కార్లను ఈ మిశ్రమం కోసం రూపొందించలేదు. ఇథనాల్‌కు రెండు గుణాలున్నాయి. అది నీటిని పీల్చుకుంటుంది. కొన్ని పాత రకం రబ్బరు భాగాలను మెత్తబరుస్తుంది లేదా పెళుసుగా చేస్తుంది. ఒక లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కనుక మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. కాబట్టి పాత కారు ఉన్నవారు పెట్రోల్ గొట్టాలను, కార్బురేటర్ గ్యాస్కెట్లను ఏడాదికొకసారి చూపించాలి. బండిని నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్‌తో నిలిపి ఉంచవద్దు. పెట్రోల్ వాసన వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. వేడి ఇంజిన్ మీద చుక్క పడితే మంట అంటుకోవచ్చు.

ఇంజిన్ 'మిస్సింగ్' కొడుతుంటే ముందుగా ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే దహనం బాగుంది. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. జిడ్డుగా తడిసి ఉంటే ఆయిల్ సిలిండర్‌లోకి చేరుతోంది. తెల్లగా కాలినట్టు ఉంటే ఇంజిన్ మరీ వేడెక్కుతోంది. ప్లగ్గు మొనల మధ్య దూరం బండి పుస్తకంలో చెప్పినంత ఉండాలి. ప్లగ్గులు బాగుంటే ప్లగ్గు తీగలు, కాయిలు, పాత బండ్లలో డిస్ట్రిబ్యూటర్ మూత వరసగా చూడాలి.

ఉదయం సెల్ఫ్ బరువుగా తిరిగితే లోపం ఇంజిన్‌లో కాక బ్యాటరీలో ఉండవచ్చు. పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. నడుస్తున్నప్పుడు కూడా 13 కంటే తక్కువే ఉంటే ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును చూపించండి.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో మరో ప్రమాదం ఉంది. ఆ బెల్టు ముందుగా ఏ గుర్తూ చూపకుండానే తెగవచ్చు. కొన్ని ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. పాత కారు కొన్నప్పుడు బెల్టు ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే, మార్చలేదనే అనుకొని మార్పించండి.

7.6 పొగ రంగును బట్టి లోపాన్ని గుర్తించడం

- నీలి పొగ: ఆయిల్ మండుతోంది. రింగులు, బోరు లేదా వాల్వు సీళ్లు చూడాలి. టర్బో ఉన్న డీజిల్ బండి అయితే టర్బో సీళ్లు కూడా చూడాలి.
- నల్ల పొగ: ఇంధనం ఎక్కువ లేదా గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, కార్బురేటర్ చూడాలి.
- తెల్ల పొగ: చలికాలపు ఉదయం కొద్దిసేపు వచ్చి ఆగితే అది ఆవిరి, భయం లేదు. ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. డీజిల్ బండిలో మండని డీజిల్ కూడా తెల్ల పొగగా వస్తుంది.

మూసిన షెడ్డులో ఇంజిన్‌ను నడిపి పరీక్షించవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది ప్రాణం తీస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 3
అ) ఉదయం స్టార్టు చేసినప్పుడు మాత్రమే నీలి పొగ వస్తే ఏ భాగాన్ని అనుమానించాలి?
ఆ) ఒక సిలిండర్‌లో ఆయిల్ పోసిన తరవాత కంప్రెషన్ పెరిగితే ఏమని అర్థం?

7.7 పాత కారు కొనేముందు చేయవలసిన పరీక్ష

1. ఉదయాన్నే, ముందుగా చెప్పి వెళ్లండి: 'మేం వచ్చేవరకు స్టార్టు చేయొద్దండీ' అని అడగండి. బానెట్టు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే బండిని ముందే నడిపారని అర్థం. చల్లని ఇంజిన్ దాచలేని లోపాలను వేడి ఇంజిన్ దాస్తుంది.
2. రేడియేటర్ మూత తీసి చూడండి. రంగు కూలెంట్ ఉంటే మంచి గుర్తు. తుప్పు నీరు, తెల్లటి పెచ్చు, నూనె తెట్టు ఉంటే జాగ్రత్త.
3. డిప్ స్టిక్, ఆయిల్ మూత కింది భాగం చూడండి. కాఫీ రంగు ఉందా? ఆయిల్ మరీ చిక్కగా ఉందా? అరిగిన ఇంజిన్ శబ్దాన్ని, పొగను దాచడానికి కొందరు చిక్కటి ఆయిల్ పోస్తారు.
4. స్టార్టు చేయించి, ఒకరిని పొగగొట్టం దగ్గర నిలబెట్టండి. ఆయిల్ దీపం తాళం తిప్పగానే వెలగాలి, స్టార్టు కాగానే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాని తీగ పీకేసి ఉండవచ్చు.
5. ఇంజిన్ నిలకడగా తిరుగుతుండగా ఆయిల్ మూత కొంచెం తెరిచి చూడండి. లోపలి నుంచి పొగ ఊపుగా తన్నుకొస్తుంటే రింగులు అరిగి ఉంటాయి.
6. ఏసీ వేసి కనీసం అరగంట నడపండి. ముల్లు మధ్యలో నిలవాలి. తిరిగి వచ్చాక అయిదు నిమిషాలు అలాగే ఉంచి, ఫ్యాను దానంతట అది తిరిగి ఆగుతోందా చూడండి. విద్యుత్ ఫ్యాను ఇంజిన్ ఆపిన తరవాత కూడా హఠాత్తుగా తిరగవచ్చు, వేళ్లు పెట్టవద్దు.
7. కాగితాలు: సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది. ఆ తరవాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 అవసరం. బండి మరో రాష్ట్రానిదైతే అక్కడి నిరభ్యంతర పత్రం కావాలి. ఇంజిన్ నెంబరు, ఛాసిస్ నెంబరు కాగితాలతో సరిపోలాలి.

తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోయి, ఆయన సమయానికి తగిన కూలి ఇవ్వండి. కొన్న తరవాత పెట్టే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ.

7.8 నిర్వహణ ప్రణాళిక

వారానికొకసారి (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు): ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం, బండి కింద నేల మీద చుక్కలు.
నెలకొకసారి: ఎయిర్ ఫిల్టర్, బెల్టుల బిగువు, రబ్బరు గొట్టాలు, వాటి క్లాంపులు, బ్యాటరీ మొనల మీద తెల్లటి పొడి.
5,000 కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు: ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ప్లగ్గులు తీసి చూడటం.
ఏడాదికొకసారి, మార్చి నెలలో: రేడియేటర్ మూత, థర్మోస్టాట్, ఫ్యాను, రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము. వేసవి రాకముందే ఈ పని చేయించాలి.
రెండు, మూడేళ్లకు: కూలెంట్ పూర్తిగా మార్చడం.

ఒక చిన్న నోటు పుస్తకాన్ని బండిలోనే ఉంచండి. తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్, పోసిన కూలెంట్, మార్చిన భాగం రాయండి. 'ఈ మధ్య నీళ్లు తాగుతోంది' అనే అనుమానం, పుస్తకంలో చూసినప్పుడు 'నెలకు అర లీటరు' అనే లెక్కగా మారుతుంది. లెక్క చెప్పగలిగితే మెకానిక్ కూడా లోపాన్ని త్వరగా పట్టుకుంటాడు. రేపు మీరు బండిని అమ్మేటప్పుడు ఆ పుస్తకమే మీ మాటకు సాక్ష్యం.

7.9 సారాంశం

పాత ఇంజిన్‌కు కడప జిల్లా ఎండ, సున్నపు నీరు, దుమ్ము పరీక్ష పెడతాయి. కూలెంట్ బదులు బోరు నీళ్లు వాడితే రేడియేటర్‌లో కాల్షియం కార్బొనేట్ పేరుకొని ఇంజిన్ వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు ఆపడం, చల్లారేవరకు మూత తీయకపోవడం, చల్లని నీళ్లు కుమ్మరించకపోవడం యజమాని చేతిలో ఉన్న పనులు. ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ సకాలంలో మారిస్తే ఇంజిన్ అరుగుదల తగ్గుతుంది. పొగ రంగు, ప్లగ్గు రంగు, ఆయిల్ రంగు లోపాన్ని ముందుగానే చెబుతాయి. పెద్ద నష్టాలు చాలావరకు చిన్న భాగాలను పట్టించుకోకపోవడంతోనే మొదలవుతాయి.

7.10 ముఖ్య పదాలు

కూలెంట్: ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసే ద్రవం.
థర్మోస్టాట్: ఉష్ణోగ్రతను బట్టి తెరుచుకొనే కవాటం.
హెడ్ గ్యాస్కెట్: హెడ్డుకు, బ్లాకుకు మధ్య పీడనాన్ని, ద్రవాలను వేరుచేసే పొర.
కంప్రెషన్: పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే పీడనం.
డిప్ స్టిక్: ఆయిల్ మట్టాన్ని చూపే పుల్ల.

7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి - జవాబులు

1. అ) ఇంజిన్ తగినంత వేడెక్కేవరకు కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోకుండా ఆపి, తరవాత వదలడం. ఆ) పీడనం నిలవక నీరు తక్కువ ఉష్ణోగ్రతకే మరిగి బయటికి పోతుంది.
2. అ) కాల్షియం కార్బొనేట్. ఆ) కూలెంట్ అయిపోయిందేమోనని అనుమానించి వెంటనే బండి ఆపాలి.
3. అ) వాల్వు సీళ్లు. ఆ) పిస్టన్ రింగులు అరిగాయని అర్థం.

7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వరసల్లో సమాధానాలు రాయండి.
1. ఇంజిన్ వేడెక్కడానికి గల కారణాలను, నివారణ మార్గాలను మీ ప్రాంతపు నీటిని, వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకొని వివరించండి.
2. పాత కారు కొనేముందు ఇంజిన్‌ను పరీక్షించే క్రమాన్ని రాయండి. ప్రతి పరీక్ష ఎందుకు చేయాలో కారణం చెప్పండి.

II. కింది ప్రశ్నలకు 10 వరసల్లో సమాధానాలు రాయండి.
1. ఇంజిన్ ఆయిల్ చేసే పనులు ఏవి?
2. థర్మోస్టాట్ తీసేయడం ఎందుకు మంచిది కాదు?
3. ఇథనాల్ కలిసిన పెట్రోల్ వాడే పాత కార్ల యజమానులు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?

III. చేసి చూడండి.
మీ ఇంట్లోగాని, పొరుగింట్లోగాని ఉన్న ఒక పాత కారును యజమాని అనుమతితో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పరిశీలించండి. ఆయిల్ మట్టం, ఆయిల్ రంగు, కూలెంట్ రంగు, ఎయిర్ ఫిల్టర్ స్థితి, గొట్టాల స్థితి రాసుకోండి. 7.8లోని పట్టిక ఆధారంగా ఆ కారుకు రాబోయే ఏడాదికి సరిపడే నిర్వహణ పట్టికను తయారుచేసి యజమానికి ఇవ్వండి.